రెండో గడి

మా అన్న నెవ్ ఆ పెట్టెని మొదటిసారి కొట్టింది నుదుటితో. అద్దం పగల్లేదు, నుదురు పగిలింది. రక్తం కనుబొమ మీదుగా కారి గడ్డంలోకి ఇంకింది. తుడుచుకోలేదు.

శనివారం మధ్యాహ్నం, గనిదీపం పబ్బు. గోడవారన నిలబెట్టిన, నాణెం వేసి ఆడే ఆ పెట్టెలో చాలా ఆటలున్నా అన్న ఆడేది ఒకటే. గళ్ళలో దాగిన మాటని అక్షరం అక్షరంగా పట్టుకోవాలి. తప్పు మీట నొక్కిన ప్రతిసారీ తెర మీద బొమ్మ మనిషి ఉరికంబానికి దగ్గరవుతాడు. ఆ ఆటలో ఐదు గళ్ళకి చివరి నాలుగూ వచ్చేశాయి: ఐ, జీ, హెచ్, టీ. మొదటిది మిగిలింది. లైట్ అనుకుని ఎల్ నొక్కాడు. కాదంది. నైట్ అనుకుని ఎన్. కాదంది. ఫైట్ అని ఎఫ్ నొక్కాడు. బొమ్మ మెడ వేలాడింది. జవాబు 'రైట్' అని చూపించింది. అంతకుముందు ఆటలో ఆర్ నొక్కితే ఇదే పెట్టె 'లైట్' అని చూపించింది.

"ఒరేయ్ నెవ్, అద్దం పగిలిందంటే నీ తోలు వొలిచి దానికి బిగిస్తా," అంది పబ్బు నడిపే గ్లెండా, కౌంటర్ తుడిచే గుడ్డ అన్న మొహం మీదకి విసురుతూ.

"నా తోలు దళసరి. అందులోంచి అక్షరాలు కనపడవు," అన్నాడు అన్న.

పబ్బంతా నవ్వింది. నేను నవ్వలేదు. నేను అక్కడికి తాగడానికి వెళ్ళలేదు, అమ్మ పంపితే వెళ్ళాను. పోయినేడాది అన్న టార్డాఫ్ అనే మనిషి దవడ విరగ్గొట్టాడు. జడ్జి ఆరు నెలల జైలు వేసి, దాన్ని ఆపి ఉంచాడు. ఇంకొక్క దెబ్బ ఎవరి మీద పడినా ఆ ఆరు నెలలూ అమలవుతాయి. తల్లి దగ్గరుండే కూతురు గెమ్మాని ఆదివారాలు చూసుకునే వీలూ పోతుంది. ఆ ఆదివారాలు తప్ప అన్నకి వేరే ఏమీ మిగల్లేదు. అందుకే అమ్మ నా కోటు బొత్తాలు తనే పెడుతూ చెప్పింది: "పెట్టెని కొడితే కొట్టనీ లోర్నా. మనిషిని మాత్రం కొట్టనివ్వకు. చదువుకున్నదానివి, ఏదో ఒకటి చెప్పి ఆపు."

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. చదువుకుంటే మనుషుల్ని ఆపడం కూడా వస్తుందని అమ్మ నమ్మకం.

"అన్నా, ఒక మాట విను," అన్నాను. "ఆ పెట్టె ముందుగా ఏ మాటా దాచుకోవట్లేదు. నువ్వు అక్షరం నొక్కాక, ఆ అక్షరం లేని మాట వెతుక్కుంటోంది. నువ్వు ఎల్ అంటే ఆర్ వైపు పోతుంది, ఆర్ అంటే ఎల్ వైపు పోతుంది."

"మరి గ్లెండా వాళ్ళ అత్త ఆడితే అలా పారిపోదే?"

"ఆవిడ కళ్ళజోడు వెతుక్కుంటూ ఆడుతుంది. నువ్వు చకచకా నొక్కి గెలుస్తావు. దానికి మొహాలు తెలీవు, వేగం తెలుసు. గెలిచేవాడు దొరికితే దారి మార్చుతుంది."

అన్న నా వైపు జాలిగా చూశాడు. "పెట్టె దానంతటది దారి మార్చదు, ప్రొఫెసరమ్మా. దాని కడుపులో చెయ్యి పెట్టేవాడొకడు ఉన్నాడు."

ఆ ఉన్నవాడు అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. నడుముకి తాళాల గుత్తితో టార్డాఫ్.

గని మూతపడ్డాక టార్డాఫ్‌కి ఆ పెట్టెల కంపెనీలో పని దొరికింది. వారం వారం వచ్చి పెట్టె తెరిచి చూసుకుని పోతాడు. అతను వచ్చిన ప్రతిసారీ పబ్బులో మాట ఆగిపోతుంది, వీపులు తిరుగుతాయి. పెద్ద సమ్మె ఏడాది, ఊరంతా గని బయట నిలబడి ఉండగా, కిటికీలకి ఇనుప వల బిగించిన బస్సెక్కి పనికి వెళ్ళినవాడతను. అదే గేటు దగ్గర పోలీసు గుర్రం మా నాన్న పక్కటెముకలు విరగదొక్కింది, ఆయన మళ్ళీ లేవలేదు. అలా పనికి వెళ్ళినవాణ్ణి మా వైపు స్కాబ్ అంటారు. పుండు మీద పెచ్చు అని అర్థం. స్కాబ్‌తో మాట్లాడరు, తిట్టడానికి కూడా. అన్న అతని దవడ విరగ్గొట్టింది కూడా నోరు విప్పకుండానే.

"లోర్నా," అన్నాడు అన్న, కళ్ళు తెర మీద నుంచి తిప్పకుండా. "ఆ మనిషికి చెప్పు, నా ఆట అయ్యేదాకా పెట్టె ముట్టుకోవద్దని."

"విన్నాను," అన్నాడు టార్డాఫ్. దవడ అతుక్కున్న వైపు మాట కొంచెం జారుతుంది. "కానివ్వండి, తొందరేం లేదు."

అన్న మళ్ళీ మొదలుపెట్టాడు. వేళ్ళు టకటకా పడ్డాయి, మెట్టు వెనక మెట్టు గెలిచాడు. వీపు తిప్పుకున్నవాళ్ళు గ్లాసులతో సహా మెల్లగా దగ్గరికి జరిగారు. చివరి మెట్టులో నాలుగు గళ్ళు. ఎస్ వచ్చింది. ఏ వచ్చింది. బీ వచ్చింది. రెండో గడి ఖాళీ. బొమ్మ మనిషి మెడకి ఉచ్చు పడింది. ఇంకొక్క మీటే మిగిలింది.

ఎస్, ఖాళీ, ఏ, బీ.

స్లాబ్ కావచ్చు, పొడవడమనే స్టాబ్ కావచ్చు. కానీ మా ఊళ్ళో ఆ గడిలో సీ తప్ప ఇంకో అక్షరం చూడగలిగినవాళ్ళు లేరు. అందరి కళ్ళూ టార్డాఫ్ మీదే ఉన్నాయి.

"లోర్నా, ఆ మనిషికి చెప్పు," అన్నాడు అన్న. "ఆ మాట అందులో పెట్టింది తనే కదా. తననే నొక్కమను."

"అన్నా, ఎవరు నొక్కినా ఒకటే. ఏది నొక్కితే అది కాకుండా పోతుంది. ఇతనికీ అంతే, చూడు కావాలంటే," అన్నాను. రుజువు అన్న కళ్ళముందే దొరుకుతోంది కదా అని లోపల సంతోషించాను కూడా.

తెర మీద గడువు చూపే ఎర్ర గీత తరిగిపోతోంది. టార్డాఫ్ ముందుకొచ్చాడు. అందరి మొహాలూ ఒకసారి చూశాడు. సీ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కాడు.

బొమ్మ వేలాడింది. గళ్ళలో 'స్టాబ్' అని వెలిగింది.

"హమ్మయ్య," అన్నాడు టార్డాఫ్, చెయ్యి మీటల మీదే ఉంచి. "ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో నన్ను స్కాబ్ కాదన్నది ఈ పెట్టె ఒక్కటే."

ముందు గ్లెండా నోరు జారి కిసుక్కుమంది. తర్వాత మూల కూర్చున్న ముసలాయన. ఆ తర్వాత పబ్బంతా పగలబడి నవ్వింది. స్కాబ్ మాటకి మా ఊరు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. అన్న కూడా చూడలేదు. అన్న మొహం మైనంలా పాలిపోయింది. నాన్న చావు ఒక పెచ్చులా ఊడిపోయి ఆ నవ్వులో కొట్టుకుపోయినట్టు చూశాడు.

నేను చెయ్యి పట్టుకునేలోపే స్టూలు పైకి లేచింది. నా మోచెయ్యి దాని కాలికి తగిలి నేను బల్ల మీద పడ్డాను. మొదటి దెబ్బకి తెర పగిలింది. రెండోది మీటల మీద పడింది, టార్డాఫ్ చెయ్యి అక్కడే ఉంది. ఎండుకట్టె విరిచిన చప్పుడు. టార్డాఫ్ అరవలేదు, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు వేళ్ళు వెనక్కి తిరిగిపోయి ఉన్నాయి, ఒకదానిలోంచి తెల్లగా ఎముక కనిపిస్తోంది. అన్న కొడుతూనే ఉన్నాడు. గాజుముక్కలు తన చేతుల్లోనే దిగుతున్నా పెట్టె పక్కకి ఒరిగేదాకా ఆగలేదు. నలుగురు మీద పడితే గానీ స్టూలు చేతిలోంచి రాలేదు.

అంబులెన్సు వెనకే పోలీసూ వచ్చాడు. టార్డాఫ్ చేతికి కౌంటర్ తుడిచే గుడ్డలు చుట్టి ఉన్నాయి, రక్తం మోచేతి దాకా పాకింది. పోలీసు అందర్నీ అడిగాడు. మా ఊళ్ళో పోలీసుకి ఎవరూ ఏమీ చెప్పరు, సమ్మెలో గుర్రాలు తోలిన నాటి నుంచీ అంతే. మేం భయపడింది ఒక్క టార్డాఫ్ నోటికే.

"పెట్టె," అన్నాడు టార్డాఫ్. "తెరవబోతే మీద పడింది. అంతే."

అందరూ నేలచూపులు చూశారు. నా ఒళ్ళంతా తేలికైంది. ఆదివారాలు మిగిలాయి, అమ్మకి చెప్పుకునే మాట దొరికింది.

"కాదు," అన్నాడు అన్న. "నేనే కొట్టాను."

"అన్నా, నోర్ముయ్యి!"

"నేనే. స్టూలుతో. రాసుకో."

"వాడికి తల పగిలింది సార్, ఏదో వాగుతున్నాడు," అన్నాడు టార్డాఫ్, స్ట్రెచర్ మీదనుంచి లేవబోతూ. "పెట్టె అని చెప్తున్నాగా!"

అప్పుడు అన్న అతని వైపు తిరిగాడు. సమ్మె తర్వాత మొదటిసారి, నా ద్వారా కాకుండా, సూటిగా అతని మొహంలోకి చూస్తూ అన్నాడు: "నువ్వెవడివిరా నన్ను కాపాడ్డానికి? నీ దయ తిని నా కూతురి మొహం చూడమంటావా?"

"చూడరా వెధవా, చూడు! పిల్లేం చేసింది?"

"సమ్మెలో ఆ బస్సు ఎక్కేముందు అడగాల్సింది ఆ మాట, మా ఇంటి పిల్లల గురించి."

పోలీసు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి అన్న మణికట్టు చూపించమన్నాడు. అన్న రెండు చేతులూ చాపాడు. వాటిలో గాజుముక్కలు ఇంకా మెరుస్తున్నాయి, సంకెళ్ళు పడినా ముఖం చిట్లించలేదు. రెండు బళ్ళూ ఒకే రోడ్డు మీద వెళ్ళిపోయాయి.

నేను ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. నా చేతి మీద రక్తం చూసింది. ఎవరిదని అడగలేదు.

"పెట్టెనా, మనిషినా?" అంది.

"రెండూ అమ్మా," అన్నాను. "ముందు పెట్టెని. తర్వాత ఆ మనిషిని. ఆఖర్న తననే."

అమ్మ పక్కకి జరిగి నన్ను లోపలికి రానిచ్చింది. రేపు ఆదివారమని కడిగిన గెమ్మా చెప్పులు మెట్టు మీద ఎండకి ఆరబెట్టి ఉన్నాయి. వాటిని తీసి లోపల పెట్టింది.