తొమ్మిదో గడి

పొద్దున్న కాఫీ కంటే ముందు నేను చేసే పని కిటికీ ఊచలు తుడవడం. రాత్రంతా సముద్రం మీంచి వచ్చిన ఉప్పుగాలి ఊచల మీద సన్నటి జిడ్డులా పేరుకుంటుంది. మంచినీళ్లలో తడిపిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, వారానికోసారి నూనెగుడ్డతో ఇంకోసారి తుడవాలి. పదకొండు కిటికీలు. ఓ పది రోజులు ఊరుకున్నానంటే చాలు, ఊచ మొదట్లో ఎర్రటి పొక్కు లేస్తుంది. దాన్ని గీకి, గరుకు కాయితంతో రుద్ది, ప్రైమర్ పూసి, ఆరాక రంగు వెయ్యాలి. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో మా అత్తయ్య ఇదంతా చూసి, "ఊచలు తుడవడమూ ఒక పనేనా అమ్మా? పొద్దుపోక కాకపోతే!" అనేవారు. నాకు పొద్దుపోక చేసిన పని వల్లే ఆ ఊచలు ఇంకా కిటికీల్లో ఉన్నాయి.

ఆ రోజు నేను ఏడో కిటికీ దగ్గరుండగా మా ఆయన ఒక కవరు తెచ్చి గట్టు మీద పడేశారు.

"ఇంటి బీమా. ప్రీమియం ఒక్కసారిగా రెట్టింపు చేసి కూర్చున్నారు. నువ్వు ఖాళీగానే ఉంటావుగా, వాళ్ల ఆఫీసుకెళ్లి ఎందుకు పెంచారో కనుక్కురా. మరీ ఇంత కట్టాలంటే మానేద్దాం. మా నాన్న కట్టిన ఇల్లు, దీనికేమవుతుంది?"

నా చేతిలో తడిగుడ్డ ఉంది. మోచేతుల దాకా తుప్పు మరకలున్నాయి. ఎదురుగా నిలబడి ఆ మనిషి నన్ను ఖాళీగా ఉంటావన్నాడు. చిత్రమేమిటంటే ముప్ఫయ్యేళ్లుగా విని విని, నేనూ తలూపాను.

తలూపి, "మరి రంగుల కొట్టావిడకి ఏం చెప్పమంటారు? సోమవారం లోపల చెప్పమంది" అన్నాను.

"మళ్లీ అదే మాటా? నువ్వెళ్లి కొట్లో కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు?" అంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఇరవై ఏళ్లుగా నేను ప్రైమర్ డబ్బాలూ బ్రష్షులూ కొనేది ఆ కొట్లోనే. ఆవిడ నాకన్నా పదేళ్లు చిన్నది. నన్ను చూడగానే "వచ్చింది మా తుప్పు డాక్టరమ్మ!" అని ఆట పట్టిస్తుంది. నెల కిందట మాత్రం నవ్వకుండా అడిగింది. "అక్కా, సముద్రం పక్క ఇళ్లవాళ్లు వచ్చి ఏవేవో అడుగుతారు. గోడ ఎందుకు చెమరుస్తోంది, ఏ రంగు నిలుస్తుంది అని. నేను నీళ్లు నములుతాను. మీకు అవన్నీ కొట్టిన పిండి. వచ్చి కౌంటర్లో కూర్చోండి, జీతమిస్తాను." నాకు యాభై రెండేళ్లు. నాకు తెలిసినదానికి జీతమిస్తానన్న మనిషిని అప్పుడే మొదటిసారి చూడటం. ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్న మాట ఇదొక్కటే. ఇల్లెవరు చూస్తారు?

నిజమే కదా అనుకున్నాను. చూరు గొట్టంలో ఆకులు ఎవరు తీస్తారు, తలుపు బందులకు నూనె ఎవరు పెడతారు? ఇల్లంటే నాకు ప్రాణం. ఆ ప్రేమే నా కాళ్లకు అడ్డం పడింది. నెల నుంచీ ఆవిడకు "చెబుతా, చెబుతా" అని దాటేస్తూ వచ్చాను.

బీమా ఆఫీసులో కౌంటర్ వెనకున్న అమ్మాయికి మా అమ్మాయి వయసు ఉంటుందేమో. విసుక్కోలేదు పాపం. మా ఇంటి ఫైలు తీసి, అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది.

"మేడమ్, ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో మేం చూడం. కూలిపోతే మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో చూస్తాం. కలపా, కూలీ అన్నీ పెరిగాయి కదా, అందుకని అందరికీ కొంత పెరిగింది. ఇక మీ ఇంటికి అరవై ఏళ్లు. కరెంటు వైర్లు ఎప్పుడు మార్చారో ఫైల్లో లేదు. పాలసీ మొదలుపెట్టినప్పుడు సముద్రం నాలుగొందల మీటర్ల దూరం, ఇప్పుడు రెండొందల అరవై."

"తెలుసమ్మా" అన్నాను. దగ్గరకొస్తున్న కొద్దీ అల చప్పుడు మారింది. వంటింట్లో నిలబడితే ఇప్పుడు అల విరగడం కూడా వినపడుతుంది.

"ఇంకోటి. ఈ పాలసీలో గాలివాన నష్టమే ఉంది. సముద్రం పొంగి ఇంట్లోకి నీళ్లొస్తే దానికి వేరే తీసుకోవాలి."

ఇరవై మూడేళ్లుగా ఆ భరోసా ఉందనుకుంటూ ఉన్నాం.

"నష్టంలో మొదటి కొంత మీరే పెట్టుకుంటామంటే ప్రీమియం తగ్గుతుంది" అని ఆ అమ్మాయి కాయితాలు తిప్పి ఆగింది. "వయసూ సముద్రమూ మన చేతిలో లేవు. చేతిలో ఉన్నవి రెండున్నాయి, కానీ మీ ఫారంలో ఆ రెండూ మీకు ఎదురే తిరిగాయి. మా వాళ్లకు పాత ఇల్లంటే అంత భయం లేదు మేడమ్. ఎవరూ పట్టించుకోని పాత ఇల్లంటే భయం."

ఫారం నా వైపు తిప్పింది. మా ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. పదకొండో గడి: ఇంటి మరమ్మతులు, సంరక్షణ ఎవరు, ఎన్నాళ్లకోసారి చేస్తారు? "అవసరం పడలేదు. గట్టి ఇల్లు." తొమ్మిదో గడి: పగటిపూట ఇంట్లో ఎవరుంటారు?

"ఎవరూ ఉండరు."

కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చదివాను. పోయినేటి ఫారం తీయమన్నాను, అంతకు ముందుదీ తీయమన్నాను. ఇరవై మూడు ఫారాలు. ఎవరూ ఉండరు. ఎవరూ ఉండరు. ఒక్క ఏడైనా, ఒక్క అక్షరమైనా తేడా లేదు.

"మీరిద్దరూ ఉద్యోగస్తులేమో అనుకున్నాం" అంది ఆ అమ్మాయి. "పగలు ఎవరైనా ఉంటారా మరి?"

"ఉంటారు."

"ఎవరు మేడమ్?"

వేలితో నన్ను నేనే చూపించుకున్నాను. ఆ అమ్మాయి మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. ఎన్ని మాటలు పడ్డానో, ఎన్ని మింగానో లెక్కలేదు. ఏనాడూ బయట కన్నీళ్లు పెట్టని దాన్ని, ఆ కౌంటర్ దగ్గర చిన్నపిల్లలా ఏడ్చాను.

తుఫాను వచ్చిన రోజు గుర్తొచ్చింది. పధ్నాలుగేళ్ల కిందట, పట్టపగలు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు, అమ్మాయి హాస్టల్లో ఉంది. సముద్రం వైపు తలుపు గడియ ఊడిపోతే బల్ల అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించి మూడు గంటలు కూర్చున్నాను. వెనక గదిలో అత్తయ్య. పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్లు. "ఎవరైనా ఉన్నారా ఇంట్లో?" అని కేకేస్తూనే ఉన్నారు. "నేనున్నానత్తయ్యా!" అని నేనూ అరుస్తూనే ఉన్నాను. ఆ గాలిలో నా కేక ఆవిడ దాకా పోలేదు. తలుపు వదిలి వెళ్లడానికి లేదు. చివరికి గాలి తగ్గాక వెళ్లి చూస్తే, ఏడ్చి ఏడ్చి దిండంతా తడిసిపోయి ఉంది. మర్నాడు మా ఆయన ఎదురింటివాళ్లతో, "మా నాన్న కట్టిన ఇల్లండీ, చెక్కు చెదరలేదు" అన్నారు. నా వీపు మీద బల్ల అంచు ఒత్తుకున్న చార అప్పటికి నల్లగా కమిలి ఉంది.

ఆ ఏటి ఫారం వెతికి చూశాను. తుఫాను వెళ్లిన మరుసటి నెలలో రాసింది. ఎవరూ ఉండరు. అంటే ఆవిడా లేరు. కన్నతల్లి, మంచం దిగని మనిషి. నన్ను ఎన్నెన్ని మాటలన్నారో ఆవిడ! కానీ ఆ గడి చూశాక ఆవిడ మీద జాలేసింది.

"తొమ్మిదీ పదకొండూ సరిచేసి రాయండి మేడమ్. పెంచినదాంట్లో చాలామటుకు తగ్గుతుంది. యజమాని సంతకం కావాలి" అని కొత్త ఫారం ఇచ్చింది.

సాయంత్రం ఆయన రాగానే అడిగాను. "ఎవరూ ఉండరని ఎందుకు రాశారండీ?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. చెప్పాక నవ్వారు. "ఓస్, అదా! నేను ఆఫీసుకెళ్తాను కదా, ఇంకెవరుంటారని రాశా."

"నేనో?"

"నువ్వెలాగూ ఉంటావుగా. ఎలాగూ ఉండేదాన్ని ఎవరైనా రాస్తారా?"

ఆయన చెడ్డవాడు కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నన్ను గట్టిగా తిట్టింది కూడా లేదు. ఇప్పుడూ మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నారు, అందుకే అంత బాధేసింది. గోడకు కొట్టిన మేకునైనా ఎవరో ఒకరు కొట్టారని గుర్తుంటుంది.

"పోనీలే, ఇప్పుడు మార్చి రాసెయ్" అన్నారు చొక్కా విప్పుతూ. "ఇన్నేళ్లూ అనవసరంగా ఎక్కువ కట్టాం. అన్నట్టు, ఆ కొట్టావిడకి కుదరదని చెప్పెయ్. ఇంట్లో మనిషుంటేనే తగ్గిస్తారంటున్నావుగా?"

మొత్తానికి నేను ఇంట్లో ఉన్నందుకు ఒక విలువ దొరికింది. అది ప్రీమియంలో తగ్గే ఆ కాస్త.

లేచి ఇల్లంతా ఒకసారి తిరిగాను. వెనక గదిలో అత్తయ్య మంచం ఉన్నచోట గోడకు చెయ్యి ఆనించాను. చెమ్మగా ఉంది. వానాకాలానికి ముందు అక్కడ మళ్లీ గీకి పూయాలి. నేనెంత తుడిచినా, ఎంత పూసినా, రెండొందల అరవై మీటర్లు రేపు రెండొందలవుతుంది. ఈ ఇంటిని నేను చాలా ప్రేమించాను. ఆ ప్రేమ ఏ కాయితం మీదా లేదు. అక్కడే నిలబడి చాలాసేపు ఏడ్చాను.

తర్వాత ముఖం కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాను. నా చేతిరాత ఆయనంత బాగుండదు, పెళ్లయ్యాక పెన్ను పట్టింది తక్కువ. పదకొండో గడి సరిపోక ఇంకో కాయితం జతచేశాను. ఊచలు, బందులు, చూరు గొట్టం, పెంకుల కింద కలప, వైర్లు మార్పించిన ఏడు, తుఫాను నాటి తలుపు. ఇన్నాళ్లూ ఎవరు చేశారో రాశాను. ఇకమీద ఎవరు చేస్తారన్న చోట ఇద్దరి పేర్లూ రాసి, పక్కన ఆదివారాలు అని పెట్టాను. సముద్రపు నీళ్లకు వేరే పాలసీ కావాలని కూడా రాశాను. ఆఖరున తొమ్మిదో గడి నింపి, ఫారం ఆయన చేతికిచ్చాను.

ఆయన పెన్ను తీసి, సంతకం పెట్టబోతూ ఆగారు.

"ఇదేంటి? మళ్లీ ఎవరూ ఉండరనే రాశావు! మార్చలేదేం?"

"మీరు ఇరవై మూడేళ్లు రాసింది అబద్ధమండీ" అన్నాను. "సోమవారం నుంచి అది నిజం. సంతకం పెట్టండి."