దండేలు తీసిన రోజు

ఎండ మాడు పగలగొడుతోంది. బట్టలుతికే వీధికి ఇంతకంటే భాగ్యం లేదు. అయినా గంజి వదిన, వీధి పక్క మైదానంలో దండేల మీది ఆసుపత్రి దుప్పట్లను సగం తడితోనే లాగి భుజాన వేసుకుంటోంది. తడి జాకెట్టులోకి దిగి వీపంతా దురద పెడుతోంది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. గంజి పెట్టడంలో ఆమెను మించిన చెయ్యి లేదు కనుక చిన్నా పెద్దా అందరికీ గంజి వదినే. నిజంగా ఆ వరస ఉన్నది మరిది ఒక్కడికే. అతను ఈమధ్యే మేడలు కట్టే కంపెనీలో కాపలా పనికి కుదిరాడు. పొద్దున్నే వచ్చి కబురు చెప్పింది అతనే.

"వదినా, మా ఇంజనీరుగారు మైదానం చూడ్డానికి వస్తున్నారు. ఆ గుడ్డలన్నీ తీయించెయ్యి. చూడ్డానికి బాగోదు."

అతను చెప్పకపోయినా తీసేవాళ్లే. పెద్దమనిషెవరైనా మైదానంలోకి వస్తే దండేలు ఖాళీ చేయడం ఆ వీధి కట్టుబాటు. అది పెట్టింది వదిన అత్తగారు. "జనం మన చేతికి బట్టలే కాదే, పరువు కూడా ఇస్తారు. ఎవరి చిరుగులు వాళ్లవి. పరాయివాళ్ల కంట పడకూడదు" అంటుంది ఆవిడ. గొప్ప మర్యాదే. ఆ మర్యాద తమకు ఎవరు చేశారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆడా మగా కలిసి తాళ్లు కూడా విప్పి చుట్టేశారు. వదిన ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేసి, ఇంజనీరుకు చల్లటి నీళ్లిచ్చింది. ఆయన తాగి, "భలే శుభ్రంగా ఉంచారమ్మా" అన్నాడు. ఆమె పొంగిపోయింది. వెంట వచ్చిన కుర్రాడు నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు. ఆరని దుప్పట్లు ముక్కిపోయిన వాసన కొడుతున్నాయని ఆసుపత్రివాళ్లు మూట తిప్పి పంపితే, వీధివాళ్లు కూలి లేకుండా మళ్లీ ఉతికిచ్చారు.

తర్వాత కొన్నాళ్లకు బడి హాల్లో సభ పెట్టారు. కొత్త మేడల గురించి చుట్టుపక్కలవాళ్లు తమ అభ్యంతరాలు చెప్పుకోవచ్చట. తెర మీద మేడలు వచ్చాయి, మేడల మీద తోటలు వచ్చాయి. ఆ తర్వాత మైదానం ఫోటో వచ్చింది. కింద పెద్ద అక్షరాలతో, 'ఎవరూ వాడని ఖాళీ స్థలం' అని ఉంది. ఓ మూల, కుర్చీ.

గంజి వదిన తన కుర్చీని గుర్తుపట్టింది. లేచి నిలబడింది.

"అది ఖాళీ స్థలం కాదండీ. మేం బట్టలారేసే చోటు. మా తాతల నాటి నుంచీ అక్కడే ఆరేస్తున్నాం."

"దండేలేవమ్మా మరి?" అన్నాడు వేదిక మీద కూర్చున్న, అనుమతులిచ్చే ఆఫీసరు.

"ఇంజనీరుగారు వస్తున్నారని తీశామండీ. ఆ కుర్చీ నాదే. అదిగో, ఆ బాబుకోసమే వేశాను."

హాలు గొల్లుమంది. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "నిజమేనండీ, మంచినీళ్లు కూడా ఇచ్చింది. మంచి మనిషి" అన్నాడు. దండేల ఊసెత్తలేదు.

"అంతెత్తు మేడలు లేస్తే వీధిలోకి ఎండెక్కడిదండీ? తడిబట్టలు నెత్తిన పెట్టుకు తిరగమంటారా?"

"బట్టలారబెట్టే మిషన్లు వచ్చాయిగా, కొనుక్కోండి" అన్నారెవరో వెనక నుంచి. తనిఖీకి తానే స్వయంగా వస్తాననీ, చూసింది చూసినట్టు రాసి అనుమతి సంగతి తేలుస్తాననీ చెప్పి ఆఫీసరు సభ ముగించాడు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "తడిగుడ్డతో గొంతు కోశారు కదే" అంది.

"ఆ గుడ్డ మనమే ఇచ్చాం అత్తయ్యా" అంది వదిన. ఆమెకు అందరికంటే తన మీదే ఎక్కువ కోపంగా ఉంది.

తనిఖీ రోజున మరిది రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఇంకా తీయలేదేంటి వదినా? కారు మలుపు దగ్గరికొచ్చేసింది!"

"తీయను."

"నా ఉద్యోగం పోతుంది. నీకు దణ్ణం పెడతాను."

ఆమెకు జాలేసింది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిల్లాడే. అయినా చెయ్యి ఆగలేదు. "పోతే వచ్చి మాతో ఉతుకు. ఉతికింది ఆరేసుకోవడానికి చోటంటూ ఉండాలిగా" అంది.

అందరి బట్టలూ వెనక వరసల్లో ఆరేసింది. అందరికంటే ముందు దండెం మీద, దారికి ఎదురుగా, తన లంగా పరిచింది. రంగు వెలిసి, మాసికల మీద మాసికలు పడ్డ లంగా. వీధి వీధంతా నోరు తెరిచి చూసింది. కర్ర ఊతంతో అత్తగారు వచ్చింది. కట్టుబాటు పెట్టిన మనిషి ఇప్పుడేం శాపనార్థాలు పెడుతుందోనని అందరూ బిగుసుకుపోయారు.

ముసలామె చంకలోని మూట విప్పి, తన చిరుగుల రవిక తీసి కోడలి చేతికిచ్చింది.

"ఇది కూడా వెయ్యి. ఆ లంగా ఇంకాస్త ముందుకు జరుపు. అంత వెనకుంటే ఫోటోలో పడదు."

కారు ఆగింది. ఆఫీసరు దిగాడు. ఫోటోల కుర్రాడు కెమెరా కంటిదాకా ఎత్తి, లంగాను చూసి దించేశాడు. ఆ గుడ్డలు తీస్తారేమోనని అలాగే నిలబడ్డాడు.

గంజి వదిన కుర్చీ తెచ్చి లంగా పక్కన వేసుకుని, తనే కూర్చుంది.