పంపినట్టా, విన్నట్టా

వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేయడం మా కంపెనీ పని. మనుషులు మాట్లాడుకుంటున్నారా లేదా అన్నది మాకు సంబంధం లేదు. అయినా ఒక చిన్న పచ్చ దీపం గురించి మా ఆఫీసులో ఒక పూటంతా గొడవ జరిగింది. జరిగింది అనడం దేనికి, చేసింది నేనే. మిగతావాళ్ళు టీ తాగుతూ చూశారు.

మేం తయారుచేసింది మంచాన పడ్డవాళ్ళ కోసం ఒక బటన్. అరచేయంత ఉంటుంది. వేళ్ళు స్వాధీనంలో లేనివాళ్ళు కూడా చేత్తో అదిమితే చాలు. ఆ కబురు గది గోడకున్న బాక్సుకు వెళ్తుంది. బాక్సు దాన్ని ఇంట్లో ఇంకోచోట పెట్టిన గంటకు పంపుతుంది. గంట మోగుతుంది, దాని మీద ఎర్ర దీపం వెలుగుతుంది, ఎవరో ఒకరు లేచి వస్తారు. ఎక్కడా తీగ లేదు, అంతా గాల్లోనే.

గొడవల్లా బటన్ మీది పచ్చ దీపం ఎప్పుడు వెలగాలన్నదాని గురించి. అవతల గంట మోగి, ‘మోగాను’ అని తిరుగు జవాబు పంపాకే వెలగాలని నేను. కబురు బాక్సుకు చేరగానే వెలగాలని మా మేనేజరు. జవాబు కోసం కాచుకుని కూర్చుంటే బటన్‌లో బ్యాటరీ తొందరగా అయిపోతుందని, దీపం ఆలస్యమైతే జనం అది చెడిపోయిందనుకుంటారని ఆయన వాదన. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నాకు ఒళ్ళు మండింది కూడా అందుకే.

“అయితే పచ్చ దీపానికి అర్థం ఏంటి సార్? పంపినట్టా, విన్నట్టా?”

“పంపినట్టు. మాన్యువల్లో రాద్దాం.”

“మంచంలో ఉన్నవాళ్ళు మాన్యువల్ చదివి నొక్కుతారా? పచ్చగా వెలిగితే అవతలివాళ్ళు విన్నారనే అనుకుంటారు.”

“గోరంతని కొండంత చెయ్యకమ్మా. గంట ఎలాగూ మోగుతుంది కదా.”

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పచ్చ దీపం ‘పంపినట్టే’ అయింది. అలా తయారైన మొదటి బటన్లను కొన్ని ఇళ్ళలో పెట్టి చూడమన్నారు. ఒకటి నేను మా అక్క వాళ్ళింట్లో పెట్టాను.

అక్క నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. వెన్నులో ఏదో గడ్డ వచ్చి, ఆపరేషన్ అయ్యాక నడుము కింద ప్రాణం లేదు. చేతులు సగం స్వాధీనం. ఫోన్ పట్టుకుంటే జారిపోతుంది. గొంతు పీలగా అయిపోయింది. ఆమె మంచం మేడ మీద గదిలో. కింద బావ షాపు. ఫోటోలకు, అద్దాలకు ఫ్రేములు కడతాడు. రంపం మిషన్ తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు, అందుకే గంటను షాపులోనే, ఎర్ర దీపం కళ్ళబడేచోట పెట్టాను. బావ నోట్లో నాలుక లేని మనిషి. అక్కను ఎత్తడం, కడగడం, వంట, షాపు, అన్నీ ఆయనే. ఆయన్ని చూసి మా బంధువులు దేవుడు అంటారు. అనేసి, టీ తాగేసి వెళ్ళిపోతారు. నేనూ ఆ బాపతే.

బటన్ పెట్టిన కొన్నాళ్ళకు వెళ్తే అక్క ముఖం మాడ్చుకుని ఉంది.

“మీ బావ మారిపోయాడే చిట్టీ.”

“ఏం చేశాడు?”

“ఏమీ చెయ్యడు, అదే. నొక్కుతాను, పచ్చగా వెలుగుతుంది. వింటాడు. రాడు. మొన్న పక్కంతా తడిసిపోయింది. ఎప్పటికో వచ్చి, పిలవొచ్చుగా అన్నాడు. పిలవొచ్చుగా అట! పుండు మీద కారం చల్లినట్టయింది.” కళ్ళు తుడుచుకోవడానికి ఆమె చెయ్యి కణత దాకా వెళ్ళి ఆగిపోయింది. నేనే తుడిచాను. “విసుగొస్తే విసుగొచ్చిందని చెప్పమను. విననట్టు నటించడం ఎందుకు?”

నా కోపం సంగతి తెలిసిందే. మెట్లు దిగుతూనే ఎత్తుకోవాల్సిన మాటలు పేర్చుకున్నాను. బావ ఒక ఫ్రేము మూలకు బంక రాస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు.

“నువ్వొచ్చావు, మంచిదైంది. మీ అక్కని కాస్త అడుగు. ఈమధ్య నన్ను పిలవడమే మానేసింది. నామీద ఏదో మనసులో పెట్టుకుంది. ఏంటని అడిగితే ముఖం గోడ వైపు తిప్పుకుంటుంది.”

గంట పక్కన నిలబడమని ఆయనకు చెప్పి, పైకి వెళ్ళి బటన్ నొక్కాను. పచ్చగా వెలిగింది. “మోగిందా బావా?” అని కేకేశాను. “లేదే,” అన్నాడు కింది నుంచి. మళ్ళీ నొక్కాను. వెలిగింది. మోగలేదు.

కారణం మెట్ల పక్కనే ఉంది. ఎవరో వ్యాయామశాల పెడుతున్నామని నిలువెత్తు అద్దాలకు ఆర్డరిచ్చి, తీసుకెళ్ళడం వాయిదా వేస్తూ వచ్చారు. అవన్నీ బాక్సుకు గంటకు మధ్య గోడకు ఆనించి ఉన్నాయి. అద్దం వెనక పూత సిగ్నల్‌ను వెనక్కి కొట్టేస్తుంది. అక్క పిలిచిన పిలుపులు చాలావరకు ఆ అద్దాలకు తగిలి అక్కడే ఆగిపోయాయి. బాక్సు దాకా చేరాయి కాబట్టి పచ్చ దీపం మాత్రం శుభ్రంగా వెలిగింది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇద్దరిదీ తప్పు లేదు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, విన్నా రాలేదని ఒకరు, పిలవడం మానేసిందని ఒకరు కుమిలిపోయారు. బావను పైకి లాక్కొచ్చి ఇద్దరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అక్క ఆయన చొక్కా అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వదల్లేదు. బావ మంచం అంచున కూర్చుని, “నువ్వు పిలిస్తే నేను రాకపోవడమేంటే, పిచ్చిదానా,” అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అద్దాలు పక్కకు జరిపించాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? ఆఫీసులో ఓడిపోయిన పోట్లాటను అక్క ఇంట్లో గెలిచాను. బటన్‌లో ప్రోగ్రాం మార్చేసి, గంట మోగి జవాబు వచ్చాకే పచ్చ దీపం వెలిగేలా చేశాను.

“ఇక చూడక్కా. వెలిగిందంటే కింద మోగినట్టే. వెలక్కపోతే మా మిషన్‌ది తప్పు, బావది కాదు. మీ ఇద్దరి మధ్య అనుమానం అన్న మాటే ఉండదు.”

“నా బంగారు తల్లివే,” అంది అక్క.

తర్వాత కొన్ని వారాలు ఫోన్ చేసినప్పుడల్లా అక్క గొంతులో హుషారు. ఫోన్ బావ పట్టుకుంటే ఆమె మాట్లాడేది. “నిన్న ఊరికే నొక్కానే. చూడాలనిపించింది. పరిగెత్తుకుంటూ వచ్చాడు పాపం.” పక్క నుంచి బావ కూడా నవ్వేవాడు. నేను ఆఫీసులో మేనేజరు ముందు ఈ కథంతా చెప్పి ఎగిరిపడ్డాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, అన్ని బటన్లకూ అలాగే పెట్టమన్నాడు. ఆ రోజు నా అంత తెలివైనది లేదనుకున్నాను.

మళ్ళీ వెళ్ళింది ఒక మధ్యాహ్నం. బావ షాపులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చెయ్యి ఊపి పైకి వెళ్ళాను. అక్కతో అవీ ఇవీ చెప్పుకుంటుంటే ఆమెకు దాహం వేసింది. నేను లేవబోయాను.

“నువ్వు కూర్చో. మీ బావ వస్తాడు చూడు,” అంది. చిన్నపిల్ల కొత్త బొమ్మ చూపించినట్టు చూపించాలని ఆమె కోరిక. అరచేత్తో బటన్ అదిమింది. కాస్త ఆగి పచ్చ దీపం వెలిగింది. నా వైపు చూసి కళ్ళెగరేసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం ఇద్దరం చెవులు రిక్కించాం. రాలేదు.

“ఎవరో వచ్చారన్నావుగా,” అని మళ్ళీ నొక్కింది. వెలిగింది. కిటికీలోంచి చూస్తే, ఇందాక వచ్చిన మనిషి స్కూటర్ మీద వీధి మలుపు తిరుగుతున్నాడు. అక్కకు చెప్పలేదు. రంపం చప్పుడు కూడా లేదు. మూడోసారి నొక్కింది. వెలిగింది. కిందినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“మళ్ళీ అద్దాలేమైనా అడ్డం పెట్టాడేమో, చూసొస్తావా?” అంది అక్క.

“వెలిగిందిగా అక్కా,” అన్నాను.

నా నోరు పడిపోను. ఆ మాట ఎందుకొచ్చిందో వచ్చేసింది. అక్క బటన్ వైపు చూసింది, దీపం ఆరిపోయేదాకా చూస్తూనే ఉంది. ఇదివరకు కూడా ఆమె అలా ఎదురుచూసింది, కానీ అప్పుడు తప్పు అద్దాలదని తేలింది. ఇప్పుడు నెపం వేయడానికి ఏ వస్తువూ లేకుండా చేసిపెట్టాను నేను.

“చూసొస్తా,” అని లేచాను.

బావ గంటకు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. చేతిలో సగం కట్టిన ఫ్రేము. వేళ్ళ మీద బంక ఎండిపోయి పొరలు లేచింది. తల తిప్పలేదు.

“వినపడుతోంది,” అన్నాడు, నేనేమీ అడక్కముందే. “లేద్దామనే అనుకుంటున్నా. లేవలేకపోతున్నా.”

“ఒంట్లో బాగాలేదా బావా?”

“ఒంటికేం, దున్నపోతులా ఉన్నా.” ఫ్రేమును ఒళ్ళో పెట్టుకున్నాడు. “నీకు చెప్తే తప్పుగా అనుకుంటావేమో. అది మోగని రోజుల్లో నాకు ప్రాణం తెరిపిన పడింది. మీ అక్క కోపంగా ఉందని బాధగానే ఉండేది. అయినా ఒక ఫ్రేము మొదలుపెడితే చివరిదాకా చేతిలోంచి దించకుండా చేసేవాణ్ణి. ఇప్పుడు ప్రతిదానికీ పిలుస్తుంది. కిటికీ వెయ్యమంటుంది, వేసి కిందికొచ్చేలోపు తియ్యమంటుంది. పని చెప్తే నయమే, చేసేసి రావొచ్చు. ఊరికే పిలిచిందనుకో, కూర్చోవాలి. నవ్వాలి. అదే నావల్ల కావట్లేదు.”

పోట్లాడదామని దిగినదాన్ని. పోట్లాడటానికి ఏమీ దొరకలేదు. ఆయన మీద జాలేసింది. ఆ జాలి కిందే అసహ్యం కూడా ఉంది, దాచుకోను.

“నువ్వు చదువుకున్నదానివి,” అన్నాడు బావ. “ఆ రోజు చెప్పావుగా, దీపం వెలక్కపోతే మిషన్‌ది తప్పని. అప్పుడప్పుడూ వెలక్కుండా చెయ్యి. మోగకుండా, వెలక్కుండా. నెపం నా మీద కాకుండా దాని మీదకి పోతుంది.”

చేయాలంటే అది ఎంతసేపటి పని? కూర్చుంటే టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆయన నా వంక ఎంత ఆశగా చూశాడంటే, ఇంకాసేపు అక్కడే ఉంటే ఒప్పుకునేదాన్నేమో. మెట్లెక్కాను.

“బావ లేడక్కా,” అన్నాను గుమ్మంలోంచే. “ఎక్కడికో వెళ్ళినట్టున్నాడు. షాపులో గంట ఒక్కటే మోగుతోంది.”

అప్పుడే కింద రంపం మిషన్ మొదలైంది.

అక్క నా ముఖం చూడలేదు. నేను సిగ్గుపడతానని కాబోలు, కిటికీ వైపు చూసింది. “మంచినీళ్ళు నువ్వే ఇవ్వవే,” అంది. తల ఎత్తిపట్టి తాగించాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. మూతి తుడిచాను. బటన్‌ను దుప్పటి మీంచి మెల్లగా పక్కకు తోసింది.

“నువ్వెళ్ళేటప్పుడు మీ బావకి చెప్పు. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి వస్తే చాలని. మధ్యలో నేను పిలవనని.”

“పక్క తడిస్తే?”

“తడుస్తుంది.”

“అక్కా, నేను మాట్లాడతాను ఆయనతో. మనిషిని పెట్టుకుందాం, ఏదో ఒకటి చేద్దాం...”

“చేద్దువుగానిలే. ముందు ఇది చెప్పు. నీ మాటలు కలపకుండా, నేను చెప్పినట్టే చెప్పు.” అలసిపోయి కళ్ళు మూసుకుంది. “ఆయనేమంటాడో నాకు చెప్పక్కర్లేదు.”

కిందికి వెళ్ళాను. నన్ను చూసి బావ మిషన్ ఆపాడు. అక్క చెప్పింది చెప్పినట్టే చెప్పాను. అదేం మాట అంటాడని చూశాను. కసురుకున్నా బాగుండేది. తిట్టుకుంటూనైనా సరే, చేతిలోది పడేసి పైకి పరిగెడితే ఆ క్షణాన ఆయన కాళ్ళకు దండం పెట్టేదాన్ని.

“నిజంగా తనే అందా?” అన్నాడు.

“తనే.”

బావ పెద్దగా ఊపిరి వదిలాడు. ఎన్నాళ్ళ బరువో దించుకున్నట్టు భుజాలు జారాయి. ముఖం తేటపడటం నా కళ్ళతో చూశాను. “టీ తాగి వెళ్ళు,” అన్నాడు.

వద్దన్నాను. పైకి వెళ్తాడేమోనని చెప్పులు వేసుకోకుండా గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. బావ ఫ్రేము తీసుకుని, మూల సరిచూసుకుని, మళ్ళీ మిషన్ వేశాడు.