దెయ్యం ఎక్కించిన తూటా

మా తాక్వారెంబో పల్లెల వైపు తుపాకి పేలి ఎవరైనా పోతే, పేల్చినవాడి పేరు ఎవరూ ఎత్తరు. "తుపాకిలో తూటా ఎక్కించేది దెయ్యమే" అంటారు. పెద్దల సామెత. మగాళ్లకు ఇంతకంటే వాటంగా కుదిరిన సామెత ఇంకోటి లేదు. పాపం దెయ్యం, వేటకు రాదు, తాగదు, గొప్పలు చెప్పుకోదు. అయినా నిందలన్నీ దాని నెత్తినే.

పోయిన చలికాలం అడవిపందుల వేటలో మా బావ వాల్దెమార్ తూటా ఉన్న తుపాకిని చంకలో పెట్టుకునే ముళ్లకంచె దూరాడు. అది పేలింది. ముందు నడుస్తున్న నా మొగుడు ఒరెస్తెస్ అక్కడికక్కడే పోయాడు. బావకి సొంత తమ్ముడు. శవం దగ్గరికి వచ్చినవాళ్లంతా ముందు బావ భుజం తట్టి, తర్వాత నా వైపు చూశారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, దెయ్యాన్ని నాలుగు తిట్టాడు, అంతటితో లెక్క తీరిపోయింది.

ఆ మనిషినే ఈ ఏడు వేటగాళ్ల సంఘానికి పెద్దని చేశారు. కొత్తవాళ్లకు తుపాకి జాగ్రత్తలు నేర్పేది కూడా ఆయనే. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే ఇదే.

కొత్తవాళ్లలో నా కూతురు జుల్మా ఉంది. దాని గొర్రెపిల్లల్ని పందులు మింగేస్తున్నాయి. తండ్రి తుపాకి పట్టుకుని సోమవారం వేటకు బయల్దేరతానంది. వరసలో దాని వెనకే నడిచేది పెదనాన్న. వద్దంటే వినదు, అచ్చం తండ్రి పోలిక. నాకు భయంతో తిండి సయించలేదు.

ఆదివారం బావ ఇంటి పెరట్లో అందరం చేరాం. నిప్పుల మీద గొర్రెమాంసం కాలుతోంది, మాతె ఆకుల కషాయం పోసిన సొరబుర్ర చేతులు మారుతోంది. బావ తుపాకి పట్టుకుని నిలబడ్డాడు.

"తుపాకి పెళ్లాం లాంటిది. ప్రేమగా చూసుకుంటే మాట వింటుంది," అన్నాడు.

ఆయన పెళ్లాం ఏనాడో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు, అందరూ తలలూపారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తుపాకి గొట్టం జనం మీదుగా తిరుగుతూనే ఉంది. తిరిగి తిరిగి జుల్మా గుండెకు ఎదురుగా ఆగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"బావా, గొట్టం పక్కకి తిప్పు."

"ఖాళీదే ఎలిదా. ఎందుకంత కంగారు?"

"తెరిచి చూశావా?"

"చిన్నప్పట్నించీ పడుతున్నా. బరువు చూస్తే చాలు, నాకు తెలిసిపోతుంది."

జనం నవ్వారు. "అమ్మా, ఊరుకోవే, పరువు తీస్తున్నావు," అంది జుల్మా.

"ఊరుకుంటానే. బావా, ఖాళీదే అంటున్నావుగా. పిల్ల మీంచి తీసి నీ పాదం మీద పెట్టుకుని చెప్పు. వింటాం."

"అదెంత పని," అంటూ గొట్టాన్ని తన గుడ్డచెప్పు మీద ఆనించాడు. మళ్లీ మొదలుపెట్టాడు. రెండు మాటలు కూడా సాగలేదు. చూపు కిందికే పోతోంది. కాలివేళ్లు ముడుచుకున్నాయి. ఎవరూ అడక్కుండానే ఆయన చెయ్యి తూటా గది తెరిచే బోల్టు మీదికి వెళ్లి దాన్ని వెనక్కి లాగింది.

తూటా ఎగిరి ఇటుకల మీద పడింది.

మాతె బుర్ర ఎవరి చేతిలో ఉందో అక్కడే ఆగిపోయింది. నేను తూటా తీసి బావ అరచేతిలో పెట్టాను.

"ఇదిగో నీ దెయ్యం. నీ కాలి దగ్గరికొచ్చేసరికి తెరిచి చూడటం బాగానే గుర్తొచ్చింది. ఆ రోజు ఎదురుగా ఉన్నది తమ్ముడేగా అనుకున్నావా?"

ఆయన తూటాని గుప్పిట్లో దాచుకున్నాడు.

జుల్మా లేచి తండ్రి తుపాకి తీసింది. గొట్టం నేలకు దించి, బోల్టు తెరిచి, లోపల చూసింది, వేలు పెట్టి మళ్లీ చూసింది. అప్పుడు తలెత్తింది.

"పెదనాన్నా, రేపు నువ్వు కుక్కల్ని పట్టుకుని అందరికన్నా ముందు నడు. నీ తుపాకి ఇంట్లోనే ఉంటుంది."

"ముందా? ఇంతమంది తుపాకులకి ముందా?" అన్నాడు బావ.

"మా నాన్న నడిచినట్టే," అంది జుల్మా.