రెండు క్యాసెట్ల డబ్బా

"గాజులు వినవడ్తలేవు బీరప్పన్నా," అన్నాడు లియాఖత్ అలీ, హారను మూతి దగ్గర చెవి పెట్టి.

పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. పానగల్‌లో బీరప్ప ఇంటి ముందు రేకుల పందిరి కింద ఇద్దరూ కూర్చుని చాలాసేపటి నుంచి ఒకటే పాట వింటున్నారు. లియాఖత్ పొద్దున మోత్కూరులో ఒక చాయ్ తాగి బస్సెక్కిన మనిషి. మళ్లీ కడుపులో ఏమీ పడలేదు. రేకుల వేడి ఒకటి, ఆంప్లిఫయర్ వేడి ఒకటి, ఇద్దరి చొక్కాలూ వీపులకు అతుక్కుపోయాయి.

"గాజులేంది భాయ్? పాట వినవడ్తుందా లేదా?"

"పాట వినవడ్తుంది. పాడేటామె బాయిల కూసొని పాడినట్టు వినవడ్తుంది."

బీరప్ప నవ్వేశాడు. ఆ పాడే ఆమె ఎవరో అతనికి తెలుసు. లియాఖత్ భార్య జాహేదా. చెల్లెలు తాహేరా పెళ్లిలో ఢోలక్ ముందు కూర్చుని, మగపెళ్లివాళ్లను ఆడిపోసుకుంటూ పాడిన పాట అది. పాట చివరలో ఒకచోట నవ్వు ఆపుకోలేక చేత్తో నోరు మూసుకుంటుంది. అప్పుడు ముంజేతి గాజులు గలగలమంటాయి. ఎవరి మైకుసెట్టు బాగు చేసినా, ఏ డబ్బా చూసినా, లియాఖత్ మొదట ఆ క్యాసెట్టే వేస్తాడు. సినిమా పాట ఎట్లా వస్తే సరిగ్గా వచ్చినట్టో ఎవరికెరుక? పెళ్లాం గొంతు ఎట్లా ఉంటుందో ఇన్నేళ్లు కాపురం చేసినవాడికి తెలియదా!

అతని సొంత సెట్టు పోయిన నెలలో ఒక పెళ్లిలో కాలిపోయింది. కరెంటు ఒక్కసారిగా ఎక్కువై లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మాడింది. నల్లగొండలో మెకానిక్ మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. అప్పటి నుంచి లియాఖత్ మైకు లేని మైకువాడు. పెళ్లికి నూటయాభై కిరాయి దొరికేది, ఆ ముచ్చట అట్లా ఆగింది. వచ్చే శుక్రవారానికి ఒక పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు. అదీ జారిపోతే ఈ సీజనుకు ఇక తనను పిలిచేవాడు ఉండడు. మోత్కూరులో కొత్తగా తెరిచిన దుకాణంలో రెండు క్యాసెట్ల సెట్టు వచ్చింది మరి. ఒక పాట తగ్గుతుంటే ఇంకో పాట ఎత్తుకుంటుంది, నడుమ సందు ఉండదు. తొంభైరెండో సంవత్సరంలో పెళ్లికొడుకులకు అదే కావాలి. పాటకూ పాటకూ నడుమ మైకువాడు క్యాసెట్టు తిప్పేదాకా ఆగేంత ఓపిక వాళ్లకెక్కడిది?

"నీకు అబద్ధం చెప్పి నేనేం మూట గట్టుకుంట గాని," అన్నాడు బీరప్ప, "ఇది జరసేపు నడిస్తే ఏడెక్కుతది. పక్కపొంటి పంక పెట్టాలె. ఒక్కటే క్యాసెట్. రెండువేల రెండొందలంటే అది నా కష్టం చూస్కొని అంటున్న. నువ్వు ఇంకోటి చూసుకోని రా. గుండ్లవాగుల రఘుపతి పటేల్ కాడ డబుల్ క్యాసెట్‌ది ఉన్నదంట, అగ్గువకే ఇస్తడంట. అది మంచిగ లేకుంటె మళ్ల నా కాడికి రా. నేనెటు పోత?"

ఇట్లా తన సరుకు తానే తగ్గించి చెప్పేవాడు బతికినట్టే! లియాఖత్ క్యాసెట్టును జేబులో పెట్టుకుని లేచాడు.

*

గుండ్లవాగులో బస్సు దిగేసరికి ఎండ ఏమాత్రం తగ్గలేదు. రఘుపతి పటేల్ ఇల్లు ఊరి నడిబజారులో ఉంటుంది. ఊళ్లోకి వచ్చే బండైనా, పెళ్లైనా, పీనుగైనా ఆ ఇంటి ముందు నుంచే పోవాలి, వేరే బాట లేదు. పటేల్ మీసాలు మెలేసే రకం కాదు. మెత్తగా మాట్లాడతాడు, ఎవరి పిల్లలెట్లా ఉన్నారో అడుగుతాడు. ఆ మెత్తదనానికే ఊరు ఎక్కువ భయపడుతుంది.

"రా రా లియాఖత్, ఎండల వడి వచ్చినవ్. పిల్లలు మంచిగున్నరా?" అంటూ అరుగు మీద ఆముదాల బస్తాల సందు నుంచి గోనె కప్పిన డబ్బాను జీతగాడితో బయటికి తీయించాడు.

గోనె తీయగానే లియాఖత్ దగ్గరికి వంగి చూశాడు. మంచి సరుకు! రెండు క్యాసెట్ల అరలు, నడుమ ఇటునుంచి అటు జరిపే మీట, వరసగా నాబ్‌లు. పక్కన రెండు హారన్లు, బ్యాటరీ. కొత్తదైతే తొమ్మిదివేలకు తక్కువ రాదు. ముందు భాగాన ఏదో పేరు రాసి ఉండేది కాబోలు, ఆ రంగును కత్తితో గీకేశారు.

"రెండువేల అయిదొందలియ్యి. హారన్లు, బ్యాటరీ అన్ని నీకే."

"గింత అగ్గువనా పటేలా?"

"మా ఇంట్ల దీంతోని ఏం పని? ఉత్తగ జాగ పట్టుకోని ఉన్నది. బ్యాటరీల చార్జి లేదు, కరెంటు నాలుగింటికి వస్తది. చూసుకోనే తీస్కపో."

నాలుగింటికి ఇంకా చాలా పొద్దుంది. లియాఖత్ ముఖం కడుక్కుందామని బజారు చివర బోరింగు దగ్గరికి నడిచాడు. మనసులో అప్పుడే శుక్రవారం పెళ్లి మోగుతోంది. జాహేదా వెండి పట్టీలు అమ్మి ఇచ్చిన పైసలు బనీను జేబులో ఉన్నాయి. ఈ సెట్టు కొంటే ఆ పట్టీలు ఏడాది తిరక్కుండా మళ్లీ ఆమె కాళ్లకు వస్తాయని లెక్క వేసుకున్నాడు.

బోరింగు దగ్గర ఒక ఆడమనిషి బిందె నింపుకుంటోంది. అతన్ని చూసి బిందె పక్కకు జరిపి, "పట్టు దోసిలి," అని పిడి కొట్టసాగింది. నీళ్లు తాగి తల ఎత్తాక గుర్తుపట్టాడు. దళితవాడ నర్సింగమ్మ. మూడేళ్ల కింద ఆమె బిడ్డ పెళ్లికి మైకు పెట్టింది తనే.

"నర్సింగమ్మక్కా, మంచిదేనా?"

"పటేలింట్ల డబ్బా కొననీకె వచ్చినవా అన్నా?" ఆమె మంచిచెడ్డలు అడగలేదు. "అది మాదే."

లియాఖత్ మూతి తుడుచుకోబోయినవాడు ఆగాడు.

"మీదా?"

"మా నాలుగిండ్ల ఆడోళ్లది. రెండేండ్లు ఆముదం కాయ తెంపి, దినాం పన్నెండు రూపాల కూలిల ఇన్ని ఇన్ని జమ చేసినం. మా పిలగాడు మైసయ్య పట్నం పోయి గుజిరీ బజార్ల పాతది చూసి తెచ్చిండు. వాడకట్టుల పెండ్లిండ్లకు ఇగ ఎవ్వల కాళ్లు మొక్కొద్దు అనుకున్నం. మైసయ్య పెండ్లికే మొదలు పెట్టినం. బరాత్ పటేలిల్లు దాటంగ పిలగాండ్లు పాట బంద్ చెయ్యలే."

"అంతేనా?"

"గంతే. తెల్లారి పంచాయతీ పెట్టి తప్పు కట్టుమన్నరు. కట్టనీకె మా కాడ ఏమున్నది? డబ్బా గుంజుకపోయిన్రు. మైసయ్య ఎదురు మాట్లాడిండని ఊర్ల ఎవ్వలు పని చెప్పలే. ఇగ ఆలుమగలు ఇద్దరు పట్నంల మట్టి మోస్తున్నరు."

"నాకు తెల్వదక్కా," అన్నాడు.

"నీకు తెల్వంది ఏమున్నదన్నా?" నర్సింగమ్మ గొంతు పెంచలేదు. "మూడేండ్ల కింద నా బిడ్డ బరాత్‌ల గా ఇంటి కాడికి రాంగనే నీయంతల నువ్వే బంద్ చేసినవ్. బంద్ చెయ్యుమని ఎవ్వలన్న అన్నరా? పటేల్ ఇంట్ల గూడ లేకుండె ఆ దినం. నా బిడ్డ బండి మీదికెల్లి అడిగింది, పాటెందుకు ఆగిందే అమ్మా అని. నేనేం చెప్పాలె? బ్యాటరీ అయిపోయింది బిడ్డా అని చెప్పిన. దాని పెండ్లి నాడు దానికి అబద్ధం చెప్పిన. గందుకే మేం డబ్బా కొన్నది."

ఆమె బిందె నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. లియాఖత్ అక్కడే నిలబడ్డాడు. నిజమే, ఎవరూ అనలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ఇల్లు వచ్చేసరికి చెయ్యి దానంతట అదే నాబ్ మీదికి పోయేది. తనకు మైకుపని నేర్పిన ఉస్తాద్ అట్లా చేసేవాడు, తనూ అట్లాగే చేశాడు. అందులో తప్పుందని ఏనాడూ తట్టలేదు. ఇప్పుడు తట్టేసరికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పోనీ, వెళ్లిపోతే? పానగల్‌కు పోయి ఏడెక్కే డబ్బా కొనుక్కోవచ్చు. కానీ చుట్టుపక్కల పది ఊళ్లలో పటేల్ చుట్టాలే, శుక్రవారం పెళ్లి కూడా వాళ్లదే. డబ్బా ఎందుకు వద్దన్నావని అడిగితే ఏం చెప్పాలి? ఇంట్లో ఇద్దరు పిల్లలు, నెలకింత అని కిరాయి. ఏదో ఒక వంక దొరకకపోతుందా, సెట్టులో ఏదో ఒక లోపం ఉండకపోతుందా అనుకుంటూ పటేల్ ఇంటికి తిరిగి నడిచాడు. అబ్బ, మనిషి భయం ఎన్ని దారులు వెతుకుతుంది!

*

నాలుగింటికి అరుగు మీద బల్బు వెలిగింది. లియాఖత్ తీగలు కలిపి, మొదటి అరలో క్యాసెట్టు వేశాడు.

జాహేదా గొంతు బజారు మీద పడింది. ఎక్కడా గరగర లేదు. ఢోలక్ దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీ కూడా తెలుస్తోంది. లోపం కోసం చెవులు రిక్కించి విన్నాడు. ఇదిగో, పాట చివరికొచ్చింది, నవ్వు వచ్చింది, నోరు మూసుకుంది. గాజులు గలగలమన్నాయి. ఒక్కో గాజూ విడివిడిగా వినిపించింది. తన కాలిపోయిన సెట్టులో కూడా ఎప్పుడూ ఇంత శుభ్రంగా వినలేదు. లియాఖత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి డబ్బాను చూసి సంతోషించే గీత కూడా తన నుదుట లేదు.

"ఎట్లున్నది?" అన్నాడు పటేల్.

"మంచిగున్నది పటేలా." ఇంకేం వంక చెప్పగలడు? "రెండో అర గూడ చూస్త."

క్యాసెట్టును వెనక్కి తిప్పి రెండో అరలో వేశాడు. పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

"రెండువేలకే తీస్కపో," పటేల్ ప్రేమగా అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్కటే మాట. ఎవ్వల పెండ్లికి తెచ్చినా సరే, మా ఇంటి ముందట బంద్ చెయ్యాలె. నీకు చెప్పే పనే లేదనుకో. తెలిసినోనివి."

తెలిసినవాడివి అన్న మాట లియాఖత్‌కు చెంపదెబ్బలా తగిలింది.

అప్పటికి బజారులో మనుషులు జమయ్యారు. కూలి నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్లు కొంగుల్లో ఆముదపు పొట్టు దులుపుకోకుండానే ఆగిపోయారు. వాళ్ల ముందు నర్సింగమ్మ. తమ డబ్బా గొంతు వాళ్లకు తెలుసు. అరుగు కేసి చూస్తూ నిలబడ్డారు.

పటేల్ వాళ్లను చూశాడు. భుజం మీద చెయ్యి తీశాడు.

"చూసుడు అయిపోయింది గదా. ఇగ బంద్ చెయ్."

లియాఖత్ చెయ్యి ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ నాబ్ మీదికి పోయింది. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. తిప్పలేదు.

"పాట అయిపోనియ్యి పటేలా."

"ఏందీ?"

"నడుమల బంద్ చెయ్య. అయిపోనియ్యి."

పటేల్‌కు కోపం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. నవ్వు మొహంతోనే అన్నాడు. "ఏమోయ్, మసీదు ముందట బంద్ చేస్తవా లేదా?"

"చేస్త."

"గుడి కాడ పూజయితుంటే?"

"ఆడ గూడ చేస్త."

"మరి మా ఇంటి కాడ చేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నమాజ్ అయినంక మళ్ల పెడ్త పటేలా, పూజ అయినంక మళ్ల పెడ్త." ఈ మాటలు తన నోట్లోంచే వస్తున్నాయా అని లియాఖత్‌కే నమ్మకం కుదరలేదు. "మీ ఇంటి ముందట ఎప్పుడు అయిపోతది?"

పటేల్ మొహంలో నవ్వు చెదిరింది. "ఈ డబ్బా నీకు అమ్ముత లేను," అన్నాడు మెల్లగా.

"నేను గూడ కొంటలేను."

"శుక్రవారం పెండ్లి మా మేనల్లునిదే. మర్చిపోయినవా?"

మరిచిపోలేదు. ఆ పెళ్లి పోయింది, దాని వెనక వచ్చే పెళ్లిళ్లూ పోయాయి. జాహేదా కాళ్లు ఈ ఏడు బోసిగానే ఉంటాయి. రాత్రి ఇంటికి పోయి ఆమెకు ఏం చెప్పాలో తెలియదు. లియాఖత్‌కు భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. అరచేతి చెమటకు నాబ్ జారుతోంది. అయినా వదల్లేదు. తను వదిలితే పటేల్ చెయ్యి వచ్చి పడుతుందని తెలుసు.

లోపలి నుంచి ఇద్దరు జీతగాళ్లు వచ్చి గడపలో నిలబడ్డారు. పటేల్ వాళ్లకు ఇంకా ఏమీ చెప్పలేదు. నర్సింగమ్మ అరుగు మెట్టు దాకా వచ్చి ఆగింది. ఆమె వెనకాలే మిగతా ఆడవాళ్లూ ముందుకు జరిగారు.

అప్పుడు నెత్తి మీది బల్బు ఒకసారి మిణుకుమంది. ఎర్రబడి, మళ్లీ వెలిగింది. ఆ ఊళ్లో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. ఎప్పుడైనా పోతుంది. లియాఖత్ తల ఎత్తి బల్బు కేసి చూశాడు. యా అల్లా, ఇప్పుడు తీసెయ్యకు అనుకున్నాడు. చెయ్యి నాబ్ మీదే ఉంది, ఇప్పుడు పోతే ఈ ఆడవాళ్లంతా తనే బంద్ చేశాడనుకుంటారు.

జాహేదా పాడుతూనే ఉంది. గాజుల చోటు ఇంకా రాలేదు.