పొడి చేతులు

"మరి గిన్నెలెవరు తోముతారు?" వేలిముద్రల కౌంటరు దగ్గర దుభాషి మాట పూర్తికాకుండానే నా భర్త అడిగాడు.

ఆమె చెప్పింది ఇంతే: నా వేలిముద్రలు యంత్రానికి అందడం లేదు; పదిహేను రోజులు నీళ్ళూ సబ్బూ తగలనివ్వకుండా మళ్ళీ రావాలి. నివాస అనుమతి లేని మాలాంటివాళ్ళు ఈ పరాయి దేశం నుంచి శిక్ష లేకుండా స్వదేశం వెళ్ళడానికిచ్చిన గడువూ ఆ పదిహేనో రోజుతోనే సరి. అప్పటికీ ముద్ర పడకపోతే నాకు నిర్బంధ కేంద్రమే గతి. గోదాము కాపలాదారైన నా భర్త ముద్రలు మొదటిసారికే పడ్డాయి. ఎనిమిదేళ్ళుగా పగలు ఆఫీసుల మరుగుదొడ్లు, సాయంత్రం మా ఒంటిగదిలో అంట్లు కడిగిన నా వేళ్ళు గాజులా నున్నబడ్డాయి.

"నేనూ నలభై ఏళ్ళు తోమాను. నా వేళ్ళరగలేదేం? మరీ సుకుమారం!" అంది అత్తగారు ఫోనులో. ఆవిడ వేళ్ళను ఏ యంత్రమూ పరీక్షించలేదు. పరీక్షించనిదాన్ని అరగలేదని ఎలా తేల్చడం? ఊళ్ళో బట్టలు కుట్టే మా అక్క మాత్రం ఫోనులో, "రెండో కుట్టుమిషను కొన్నానే. ఖాళీగా ఉంది," అని ఊరుకుంది.

ఆఫీసుల పని ఒక్క మాటతో మానేశాను. ఇంటిపని మానడమే కష్టమైంది. మూడు రోజులు ఆయన తాను తోమిన ప్రతి గిన్నెనూ నా ముఖం ముందు పెట్టి, "చూడు, ఎలా మెరుస్తోందో!" అన్నాడు. నాలుగో రోజు, "ఒక్క టీ గిన్నెకే అరిగిపోతావా?" అన్నాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అలా కూర్చోవడం ఎంత సిగ్గనిపించిందో, ఆ సిగ్గు నాకెవరు నేర్పారో, రోజంతా ఆలోచించాను.

పదో రోజున బొటనవేలి మీద సన్నని సుడి కనిపించింది. ఇందులో మహిమేమీ లేదు. పెరగనిస్తే చర్మం పెరుగుతుంది. ఆయనకు చూపించాను.

"హమ్మయ్య! అమ్మకి ఓపిక లేదు, వెళ్ళగానే ఇల్లంతా నువ్వే చూసుకోవాలిగా."

సెలవనుకున్నాను. కత్తికి సాన పెడుతున్నారన్నమాట.

పదిహేనో రోజున యంత్రం మీద పచ్చదీపం వెలిగింది.

"వెళ్ళే చిరునామా ఇద్దరికీ ఒకటేనా?" అని అడిగింది దుభాషి.

"ఒకటేనండీ," అన్నాడాయన.

"కాదండీ. నాది మా అక్క ఇల్లు. రాసుకోండి."

"ఏమిటే ఇది, నలుగురిలో?"

ఆమె రాసిన చిరునామాను రెండుసార్లు చదివించుకుని, దాని కింద సిరా పూసిన వేలు ఆనించాను. ఒక్క గీతా చెదరలేదు.