మా ఆయన చదివిన పుస్తకాలు

నేను రొయ్యలు వలుస్తుంటే, మా ఆయన ప్రతాప్ తన ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించి, "నిన్న నేనెలా మాట్లాడానో చూడు" అని వీడియో పెట్టి స్నానానికి వెళ్ళారు. తెనాలిలో నెలకోసారి జరిగే పాఠకుల సభ అది. అక్కడ మాట్లాడేవన్నీ ఆత్మకథల గురించే. ఒకరు పుస్తకం గురించి చెప్తే మిగిలినవాళ్ళు మెచ్చుకుంటారు, లేదా పోట్లాడతారు. రేపల్లెలో మా యింటి పద్ధతి వేరు. పుస్తకం నేను చదువుతాను. ఆదివారం చర్చికి వెళ్ళేముందు ఆయన గడ్డం గీసుకుంటుంటే, నేను చొక్కా ఇస్త్రీ చేస్తూ అంతా చెప్తాను. "మేటర్ చెప్పు చాలు, నాకు టైమెక్కడుంది?" అంటారు. స్కూల్లో పాఠాలు చెప్పొచ్చి వంట చేసే నాకు టైమెక్కడిదో ఎప్పుడూ అడగలేదు. అత్తయ్యేమో, "పుస్తకం పట్టుకుంటే దీనికి పొయ్యి మీద పాలు కనపడవు" అంటుంది. నిజమే, కనపడవు.

ఈ నెల పుస్తకం ఒక నర్సమ్మ ఆత్మకథ. అడవులదీవి వైపు ఊళ్ళలో కాన్పులు చేసిన మనిషి. తనకి నొప్పులు మొదలైన రోజు కూడా ఇంటిల్లిపాదికీ వండిపెట్టి ఆస్పత్రికి వెళ్ళింది. అది చదివి ఏడ్చేసి ప్రతాప్‌తో అన్నాను: "అలసట గురించి ఒక్క మాటా రాసుకోలేదండి. రాయకుండా వదిలేసిన చోటే ఆవిడ నాకు బాగా కనపడింది."

వీడియోలో ఆయన అచ్చం అదే అన్నారు. హాలంతా చప్పట్లు! నాకు కోపం రావాలి. కానీ ముందు సంతోషమే వచ్చింది. అబ్బ, నా మాటకి ఎన్ని చప్పట్లు! అంతలో బాపట్ల నుంచి వచ్చే శోభారాణి గారు, రిటైర్డ్ లైబ్రేరియన్, లేచారు. "నేనొప్పుకోను ప్రతాప్ గారూ. ఆవిడ వదిలెయ్యలేదు, రాయనిచ్చి ఉండరు."

"కాదండీ! కూతురితో ఏమందో చూడండి!" అని రొయ్య చేతిలో ఉండగానే ఫోన్‌తో వాదించాను. ప్రతాప్ మాత్రం నవ్వి మంచినీళ్ళు తాగారు. కూతురి సంగతి ఆయనకి తెలీదు. నేనది చెప్పేలోపే ఇస్త్రీ అయిపోయింది మరి.

చివర్లో ఆయన గొంతు సవరించుకున్నారు. "ప్రతి ఆడదీ చదవాల్సిన పుస్తకమండీ. మా ఆవిడకి చదివే అలవాటు లేదు. ఈసారి దగ్గర కూర్చోబెట్టి చదివిస్తాను." మళ్ళీ చప్పట్లు.

ఒళ్ళు మండిపోయింది. చేతులు కడుక్కుని, ఆయన ఫోన్లోంచే శోభారాణి గారికి కలిపాను.

"నేను ప్రతాప్ గారి భార్యనండి, స్వర్ణలతని. నిన్న మీరన్నదానికి జవాబు నా దగ్గరుంది. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదు. 'నా అలసటంతా రాస్తే నువ్వు పెళ్ళే చేసుకోవే' అంటుంది కదా కూతురితో!"

"అయ్యో, ఆ మాట దాటేశానే!" ఆవిడ గట్టిగా నవ్వారు. "అయినా కూతురి కోసం దాచడం కూడా ఆపినట్టే కదమ్మా?"

అది నాకు తట్టనే లేదు! ఇద్దరం ఒకరి మాట ఒకరం లాక్కుంటూ మాట్లాడుకున్నాం. అత్తయ్య రెండుసార్లు వచ్చి వెళ్ళింది. చివరికి శోభారాణి గారు, "వచ్చే నెల సభ తెనాలిలో కాదు, బాపట్లలో మా యింట్లో. పుస్తకం గురించి నువ్వే చెప్పాలి" అన్నారు. సరేనన్నాను.

ప్రతాప్ తల తుడుచుకుంటూ వచ్చారు. "చూశావా? వచ్చే నెల పుస్తకం టేబుల్ మీద పెట్టాను. చదివి మేటర్ చెప్పు."

"చెప్తానండి, బాపట్లలో. ఈసారి మాట్లాడేది నేనే. శోభారాణి గారికి మాటిచ్చాను."

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నారు. "మరి ఎవరైనా నన్ను అభిప్రాయం అడిగితే?"

"పుస్తకం టేబుల్ మీదే ఉందండి. చదవండి."